పురిటికి పుట్టింటికి పంపే ముందు

సభకు నమస్కారం. గుంటూరు, విజయవాడ పరిసరాల నుంచి వచ్చిన ఆశా కార్యకర్తలకు, ఏఎన్ఎంలకు, ప్రసూతి వార్డుల నర్సులకు నేను చెప్పదలచినది ఒక్కటే: చిన్నతనంలో దెబ్బలో, అవమానాలో, లైంగిక వేధింపులో భరించిన ఆడపిల్లను, తొలి కాన్పు పుట్టింట్లోనే జరగాలన్న మన ఆచారం ఆ గాయం తగిలిన ఇంటికే తిరిగి చేర్చవచ్చు.

ఆచారాన్ని నేను తప్పుపట్టడం లేదు. కన్నతల్లి వండిపెట్టే పథ్యం, వేన్నీళ్ల స్నానం, రాత్రిపూట బిడ్డను ఎత్తుకునే మరో మనిషి బాలింతకు నిజమైన అండ. అయితే తాగొచ్చి కొట్టిన తండ్రి ఇంకా వసారాలో కూర్చుని ఉండే ఇంట్లో, చిన్నప్పుడు తనతో తప్పుగా ప్రవర్తించిన బంధువు బిడ్డను చూసే నెపంతో వచ్చిపోయే ఇంట్లో, ఆమెకు నిద్ర పట్టకపోవచ్చు. బిడ్డను ఎవరి చేతికీ ఇవ్వబుద్ధి కాకపోవచ్చు. పాలిచ్చేటప్పుడు ఒళ్లు బిగుసుకుపోవచ్చు. దయచేసి దాన్ని పెంకితనం అనకండి. పాత భయం ఆమె ఒంట్లో ఇంకా మిగిలి ఉంది.

1998లో అమెరికాలో ఫెలిట్టి, ఆండా బృందం ప్రచురించిన అధ్యయనం, బాల్యంలో పడిన కష్టాలు ఎన్ని రకాలైతే పెద్దయ్యాక కుంగుబాటు, ఆత్మహత్యాయత్నం ముప్పు అంతగా పెరుగుతుందని చూపింది. బాలింతల కుంగుబాటుపై తర్వాత జరిగిన పరిశోధనల్లోనూ ఆ సంబంధం కనిపించింది. గాయపడిన ప్రతి తల్లీ కుంగిపోతుందని దీని అర్థం కాదు. బిడ్డను సరిగా పెంచలేకపోతుందని అసలే కాదు.

ప్రసవమైన మూడు నాలుగు రోజులకు వచ్చే ఏడుపు సాధారణంగా రెండు వారాల్లో తగ్గుతుంది. తగ్గకపోతే, బాలింత కుంగుబాటును పసిగట్టడానికి వాడే ఎడిన్‌బరో ప్రశ్నావళిలోని 10 ప్రశ్నలు గత 7 రోజుల గురించే అడుగుతాయి. బాల్యం ఊసు అందులో లేదు. ఆస్పత్రి కాన్పు తర్వాత 42 రోజుల్లో 6 సార్లు గడప తొక్కే ఆశాకు ఆమెతో ఏకాంతంగా మాట్లాడే వీలుంది. అంతకంటే మేలు, ఏడో నెలలోనే, అత్తగారు పక్కన లేనప్పుడు, "కాన్పయ్యాక ఎక్కడుంటే నీకు ధైర్యంగా ఉంటుందమ్మా?" అని అడగడం. గతాన్ని తవ్వకండి, చెబితే వినండి, మరో చెవిన వేయకండి. పుట్టిల్లు వద్దంటే, కారణం బయటపెట్టకుండానే భర్తతో మాట్లాడి మరో ఏర్పాటు చేయించండి.

చనిపోవాలని ఉందన్నా, నిద్ర లేకుండా పొంతన లేని మాటలు మాట్లాడుతున్నా, ఒంటరిగా వదలకుండా అదే రోజు మానసిక వైద్యుల వద్దకు తీసుకెళ్లాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ 14416కు ఫోన్ చేసి రాత్రీపగలూ ఉచితంగా, తెలుగులోనే మాట్లాడవచ్చు. పాలిచ్చే తల్లికి మందులే వద్దని పెద్దలు అడ్డుపడితే, పాలిస్తూనే వాడగలిగిన కుంగుబాటు మందులున్నాయని, వాటిని డాక్టరు చూసి ఇస్తారని వాళ్లకు ఓపికగా చెప్పండి.