గెడ్డలో కలిసే ముందు నీళ్లకి మట్టి వైద్యం

శ్రోతలకు నమస్కారం. గాజువాక ఆటోనగర్ వైపు వెళ్తే బళ్లు కడిగే షెడ్డు ముందు కాలవలోకి ఓసారి చూడండి. నీళ్ల మీద రంగురంగులుగా మెరుస్తూ తెట్టు కడుతుందే, అది ఇంజనాయిలు. అక్కడి నుంచి గెడ్డలోకి, గెడ్డ నుంచి సముద్రంలోకి. దీన్ని మట్టితో పట్టుకోవచ్చంటే నవ్వుతారు గానీ, పట్టుకోవచ్చు. కాకపోతే మామూలు మట్టితో కాదు.

బెంటొనైట్ అని ఒక బంకమట్టి ఉంది, మనకి గుజరాత్‌లోని కచ్ నుంచీ రాజస్థాన్‌లోని బాడ్మేర్ నుంచీ వస్తుంది. దాని రేణువు పూతరేకులా పొరలు పొరలుగా ఉంటుంది, ఒక్కో పొర మందం సుమారు 1 నానోమీటరు. పొరలకి నెగెటివ్ చార్జి కాబట్టి వాటి మధ్య సోడియం, కాల్షియం అయాన్లు చేరి ఉంటాయి. మురుగులో సీసమో రాగో ఎదురైతే వీటిని వదిలి వాటిని పట్టుకుంటుంది. ఇంట్లోనే చూడొచ్చు. అక్వేరియం షాపులో చేపల మందుగా అమ్మే మిథిలీన్ బ్లూ ఓ చుక్క గ్లాసు నీళ్లలో వేసి, చెంచాడు ముల్తానీ మట్టి (ఇదీ ఇలాంటి బంకమట్టే) బాగా కలిపి వదిలేయండి. టైం పడుతుంది, తొందరపడొద్దు. నీలం మట్టికి అంటుకుని అడుక్కి దిగుతుంది, పైన నీరు తేరుకుంటుంది.

నూనె దగ్గర మాత్రం దీని ఆటలు సాగవు, ఆ పొరలకి నీళ్లంటేనే ఇష్టం మరి. అందుకని పొడుగాటి తోకలున్న అమ్మోనియం లవణం, అంటే జుట్టు కండిషనర్లలో వేసే రకమే, మట్టిలో కలుపుతారు. దాని తల పొరకి అతుక్కుంటుంది, తోకకి నీళ్లు గిట్టవు, నూనె గిడుతుంది. ఇదే ఆర్గానోక్లే. లవణం మోతాదు ఇంకా పెంచితే మట్టి చార్జే తిరగబడి, మామూలు మట్టి దగ్గరికే రానివ్వని క్రోమేటుని, అంటే నెగెటివ్ చార్జి ఉన్న క్రోమియం రూపాన్ని కూడా పట్టేస్తుంది. లోహాలకి క్రోమియం పూత వేసే ప్లేటింగ్ షాపులవాళ్లు ఇది గమనించాలి.

ఒట్టి బెంటొనైట్‌ని ఫిల్టర్‌లో పోస్తే ఉబ్బి నీటిదారే మూసుకుపోతుంది. అందుకే ఆర్గానోక్లే గుళికల్ని ఆంత్రసైట్ బొగ్గుతో, సాధారణంగా 30కి 70 పాళ్లలో కలిపి, యాక్టివేటెడ్ కార్బన్‌కి, అంటే నీళ్లు శుద్ధి చేసే సన్న రంధ్రాల బొగ్గుకి ముందు పెడతారు, లేకపోతే నూనె కార్బన్ రంధ్రాల్ని పూడ్చేస్తుంది. అయినా పైన తేలే నూనెని తీయడానికి ఇంత ఖరీదైన మట్టి దండగ, దానికి ఆయిల్ ట్రాప్ తొట్టి చాలు. నీళ్లలో కలిసిపోయిన నూనెకే ఈ మట్టి.

అమ్మేవాళ్లు గట్టిగా చెప్పని సంగతి ఇంకోటుంది. మట్టి దేన్నీ మాయం చేయదు, తనలో దాచుకుంటుంది, అంతే. వాడేసిన మట్టిని షెడ్డు వెనక పోస్తే వానకి మళ్లీ గెడ్డలోకే. దాన్ని పరవాడ దగ్గరున్న ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికి పంపాలి. లెక్క వేసుకునేటప్పుడు మట్టి ధర పక్కనే ఆ లారీ కిరాయి కూడా రాసుకోండి.