సాంబారు పులిసిందన్నప్పుడు

శ్రోతలకు నమస్కారం.

మన పనికి ఎవరైనా వంక పెట్టారనుకోండి. చెవులు వేడెక్కుతాయి, గొంతు పట్టేసినట్టవుతుంది. ఎదుటివాళ్లు మాట పూర్తిచేయకముందే మన నోట్లో జవాబు సిద్ధంగా ఉంటుంది.

కర్రీ పాయింట్ నడిపే ఒకావిడను ఊహించుకుందాం. రాత్రి ఎనిమిది, కౌంటర్ ముందు ఐదారుగురున్నారు. సాంబారు కవర్‌కి రబ్బరు బ్యాండు వేస్తుండగా వెనకనుంచి ఒకాయన, "ఏంటమ్మా, నిన్న మీ సాంబారు పులిసిపోయింది, పారబోశాం" అన్నాడు గట్టిగా. అందరూ ఆవిడ వైపే చూశారు. "నిన్న ఇంతమంది పట్టుకెళ్లారు, ఒక్కరూ అనలేదే!" అన్న మాట నాలుక చివరిదాకా వచ్చేసింది. అది గానీ అంటే గొడవ సాంబారు దాటి ఎక్కడికో పోతుంది.

ఆయన అన్నది సాంబారు పులిసిందని, అంతే. నలుగురిలో పరువు తీశాడు, రేపటినుంచి బేరం పడిపోతుంది, ఎంత చాకిరీ చేసినా ఇంతే... ఇవన్నీ ఆవిడ మనసు అప్పటికప్పుడు కలిపినవి. కలుపుతుండగానే దాన్ని పట్టుకోవడం, మైండ్‌ఫుల్‌నెస్ అనే సాధనలో, అంటే ఈ క్షణంలో లోపలా బయటా జరిగేదాన్ని ఉన్నదున్నట్టు గమనించడంలో, మనకు పనికొచ్చే ముక్క ఇదే.

ఒళ్లు అలా వేడెక్కడానికి కారణముంది. మెదడులో అమిగ్డలా అనే చిన్న భాగం ప్రమాదాన్ని పసిగట్టి ఒంటిని అప్రమత్తం చేస్తుంది. దెబ్బ తగిలేలా ఉన్నా, మాట తగిలేలా ఉన్నా గుండె దడ మొదలవుతుంది. 2007లో లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా యూనివర్సిటీలో మాథ్యూ లీబర్‌మన్ బృందం కోపంగానో భయంగానో ఉన్న ముఖాల ఫోటోలు చూపించి, ఆ భావానికి సరిపోయే పేరు ఎంచుకోమంది. పేరు పెట్టినప్పుడు అమిగ్డలా హడావుడి తగ్గింది. కాబట్టి "నాకు కోపం వస్తోంది", "సిగ్గుగా ఉంది" అని లోపల అనుకోవడం ఉత్త మాట కాదు. దాంతోపాటు ఊపిరి నెమ్మదిగా వదలండి. గాలి వదిలేటప్పుడు గుండె కాస్త నిదానిస్తుంది. రబ్బరు బ్యాండు వేసేంత సమయం చాలు.

అప్పుడు ఆవిడ, "అయ్యో, ఎప్పుడు తీసుకెళ్లారండీ? ఎన్నింటికి తిన్నారు?" అని అడగగలదు. మధ్యాహ్నం పట్టుకెళ్లి రాత్రి తొమ్మిదికి తిన్నారని తేలొచ్చు. ఎండాకాలంలో వేడి సాంబారు అంతసేపు కవర్లోనే ఉంటే పులవదా మరి! లేదా నిన్న పొద్దున మిగిలింది సాయంత్రం కొత్తదాంట్లో కలిపేశామని ఆవిడకే గుర్తు రావొచ్చు. ఏదైనా సరే, రేపు సరిచేయాల్సింది ఏమిటో తెలిసింది.

సాధన లేకపోతే ఇదేదీ ఆ క్షణంలో గుర్తు రాదు. 1979లో అమెరికాలో మసాచుసెట్స్ యూనివర్సిటీ వైద్య కేంద్రంలో జాన్ కబట్-జిన్, ఎన్నాళ్లకీ తగ్గని నొప్పులతో బాధపడేవాళ్ల కోసం బౌద్ధ ధ్యానం ఆధారంగా ఒక మైండ్‌ఫుల్‌నెస్ శిక్షణ మొదలుపెట్టారు. ఇప్పుడది ఎనిమిది వారాల కోర్సుగా చాలా దేశాల్లో నడుస్తోంది. తొలి పాఠాల్లో ఒకటి, ఒక్క ఎండుద్రాక్షను చూసి, వాసన చూసి, నెమ్మదిగా నమిలి తినడం. నవ్వొస్తుంది కదూ! మన కర్రీ పాయింట్ ఆవిడకు ఎండుద్రాక్ష కూడా అక్కర్లేదు. పొద్దున ఉల్లిపాయలు తరిగేటప్పుడు కాసేపు ఫోన్ పక్కనపెట్టి కత్తి చప్పుడు, కళ్ల మంట గమనిస్తే చాలు. మనసు పిల్లల ఫీజు మీదకో, చీటీ డబ్బుల మీదకో పోతుంది. పోయిందని తెలియగానే మళ్లీ ఉల్లిపాయ దగ్గరికి తెచ్చుకోవాలి.

కొన్ని ఆఫీసుల్లో వారమంతా అందరి ముందూ కేకలేసి, శనివారం మైండ్‌ఫుల్‌నెస్ క్లాసు పెడతారట. నాకు మాత్రం అది నచ్చదు. తిట్లు మింగడానికి కాదు ఈ సాధన. పని గురించి అంటే వినాలి. కులం గురించో, ఒంటి రంగు గురించో అంటే అందులో నేర్చుకునేదేమీ లేదు, "అలా మాట్లాడకండి" అని అక్కడే చెప్పాలి. మళ్లీ మళ్లీ అదే జరిగితే పైవాళ్లకు ఫిర్యాదు రాసివ్వాలి. కోపం మీద రాస్తే తేదీలు, అన్న మాటలు తప్పిపోతుంటాయి. గుండె దడ తగ్గాక కూర్చుని రాయండి.

సెలవు.