పెచ్చులూడిన ప్రహరీ గోడ

శ్రోతలకు నమస్కారం.

వానలు తెరిపిచ్చాయి, బతుకమ్మ దగ్గర పడింది. హనుమకొండలో మా వాకిట్లో బతుకమ్మ ఆడే చోటుకు సరిగ్గా ఎదురుగా, ప్రహరీ గోడ మీద జానెడు మేర ప్లాస్టర్ ఊడి ఇటుకలు బయటపడ్డాయి. కూలీల అడ్డా మీద ఒక సుతారిని, అంటే తాపీమేస్త్రిని, అడిగితే, వచ్చి చూసి నవ్వాడు. "గింత పనికి నేనెందుకు సార్, మీరే చేసుకోండ్రి" అన్నాడు. చేశాను. మొదటిసారి చెడగొట్టాను, రెండోసారి నిలిచింది.

మొదటిసారి ఊడిన చోట సిమెంటు కలిపి మెత్తేశానంతే. పదిహేను రోజులకు ఆ ముద్ద మొత్తం అప్పచ్చిలా చేతికొచ్చింది. తిప్పి చూస్తే వెనకంతా ఎర్రటి ఇటుక దుమ్ము. నా సిమెంటు గోడకు అంటుకోలేదు, దుమ్ముకు అంటుకుంది. పైగా ఎండిన ఇటుక దప్పిగొన్న గొడ్డు లాంటిది, సిమెంటులో నీళ్లన్నీ తాగేస్తుంది. సిమెంటు గట్టిపడాలంటే ఆ నీళ్లు దానికి కావాలి. ముందే ఎండిపోతే ఇక పొడే.

అందుకని ముందు సుత్తి పిడితో గోడను తట్టుకుంటూ పోండి. గట్టి చోట టక్ మంటుంది. వదిలేసిన చోట ఖాళీ కుండ మీద కొట్టినట్టు డొల్లగా పలుకుతుంది. నా గోడలో కంటికి కనబడింది జానెడే, డొల్ల మాత్రం మూరెడు! అదంతా ఉలితో చెక్కేయాలి. మనసొప్పదు గానీ తప్పదు. ఇటుకల సందుల్లో కాస్త గీకి, బ్రష్‌తో దులిపి, ముందురోజు సాయంత్రం ఒకసారి, పనికి ముందు ఒకసారి నీళ్లు చల్లాలి. గోడ చెమ్మగా ఉండాలి, నీళ్లు కారకూడదు.

ఇసుక గోదావరిదైనా మానేరుదైనా జల్లించాల్సిందే. గాజు గ్లాసులో గుప్పెడు ఇసుక, నీళ్లు పోసి గిలకొట్టి వదిలేయండి. తేరుకున్నాక ఇసుక మీద మందంగా ఒండ్రు పేరుకుంటే అది పనికిరాదు. ఒక పాలు సిమెంటుకు ఐదు పాళ్ల ఇసుక చాలు. గట్టిదనం కోసమని సిమెంటు ఎక్కువేస్తే బీటలొస్తాయి. అరగంటలో వాడేసేంతే కలపండి. బిగిసిన మాలుకు, అంటే ఆ కలిపిన ముద్దకు, మళ్లీ నీళ్లు పోసి వాడొద్దు. చేతికి గ్లోవ్స్ మరవకండి, తడి సిమెంటు చర్మాన్ని తినేస్తుంది.

మాలును తాపీతో గోడకేసి కొట్టి, పాత ప్లాస్టర్ అంచుల మీద తిన్నని బద్ద ఆనించి లాగి, రుద్దుడు చెక్కతో గుండ్రంగా రుద్దాలి. మందం 12 నుంచి 15 మిల్లీమీటర్లు. గుంత అంతకంటే లోతుంటే రెండు పూతలు. మొదటి పూత పచ్చిగా ఉన్నప్పుడే గీతలు గీస్తే రెండోది పట్టుకుంటుంది. తర్వాత తడి గోనెసంచి వేలాడదీసి, కనీసం 7 రోజులు ఆరనివ్వకుండా చూడాలి. ఈ పని సాయంత్రం పూట మొదలుపెట్టండి, మన ఎండలు తెలిసినవే కదా.

మీది పాతకాలపు డంగు సున్నం, అంటే గానుగలో నూరిన సున్నంతో కట్టిన గోడ అయితే మాత్రం ఈ లెక్క పనికిరాదు. సున్నం లోపలి చెమ్మను బయటికి వదులుతుంది. మీద గట్టి సిమెంటు పూస్తే ఆ చెమ్మ లోపలే చిక్కుకుని పక్కనున్న సున్నాన్ని ఊడదీస్తుంది. అక్కడ మళ్లీ సున్నమే వేయించండి.

ఇంతా చేసి అసలు దొంగను వదిలేస్తే లాభం లేదు. మా ఇంట్లో ఆ దొంగ పూలమడి. గోడకు ఆనించి అడుగు ఎత్తున మట్టి పోసి, రోజూ నీళ్లు పెడుతున్నాం. ఆ చెమ్మే ఇటుకల్లోకి ఎక్కి, ఉప్పును పైకి తెచ్చి, ప్లాస్టర్‌ను తోసేసింది. మట్టిని బెత్తెడు ఇవతలికి లాగాను.

రంగుకు తొందరపడలేదు, ఈ బతుకమ్మకు గోడ మీద బూడిదరంగు మచ్చ అలాగే ఉంటుంది. మా ఆవిడ దాన్ని కప్పడానికి సొరపాదు పాకిస్తానంటోంది. ఆ పాదుకు నీళ్లు ఎక్కడ పోస్తావని అడిగితే, ఇంకా జవాబు రాలేదు.