బస్సు నిండా ఆడవాళ్ళే, మరి స్టీరింగ్ దగ్గర ఎవరు?

నమస్కారం. "కాలేజీల్లో సగం మంది అమ్మాయిలే కదండీ, ఇంకేం సమస్య? కాస్త ఓపిక పడితే యూనివర్సిటీలని నడిపే వీసీలు, అదే వైస్ ఛాన్సలర్లు కూడా వాళ్ళే అవుతారు." ఈ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది. అనేవాళ్ళు చెడ్డవాళ్ళేం కాదు, లెక్క చూడకుండా అనేస్తారు. ఇవాళ ఆ లెక్క చూద్దాం.

సగం అన్నది నిజమే. 2021-22 ప్రభుత్వ సర్వే ప్రకారం దేశంలో ఉన్నత విద్య చదువుతున్న 4.33 కోట్ల మందిలో అమ్మాయిలు 2.07 కోట్లు. పాఠం చెప్పేవాళ్ళలోనూ 43 శాతం ఆడవాళ్ళే.

ఇప్పుడు మన ఆర్టీసీ బస్సెక్కండి. ఉచిత ప్రయాణం వచ్చాక సీట్లన్నీ ఆడవాళ్ళవే. జీరో టికెట్ కొట్టే కండక్టర్ కూడా చాలాసార్లు ఆవిడే. స్టీరింగ్ దగ్గర? 2025లో తెలంగాణ ఆర్టీసీలో ఒకామె డ్రైవర్‌గా చేరితే అదో పెద్ద వార్త! యూనివర్సిటీ కూడా అచ్చం ఇలాంటి బస్సే. స్టూడెంట్లు ప్రయాణికులు, లెక్చరర్లు కండక్టర్లు, వీసీ డ్రైవరు. సీట్లు నిండినంత మాత్రాన డ్రైవర్ మారడు.

ఆడవాళ్ళు బస్సు నడపకూడదని ఎక్కడా రాసి లేదు. హెవీ లైసెన్స్ అడుగుతారు, అంతే. అది రావాలంటే ముందు లైట్ లైసెన్స్ తీసుకుని ఏడాది గడవాలి. అంతకంటే ముందు ఇంట్లో ఎవరో ఒకరు బండి తాళాలు చేతికివ్వాలి. తాళాలు ముందు ఎవరి చేతికి వెళతాయో నేను చెప్పక్కర్లేదు.

వీసీకి కావాల్సిన హెవీ లైసెన్స్ ఏమిటి? యూనివర్సిటీలకి రూల్స్ పెట్టే కేంద్ర సంస్థ యూజీసీ 2018 నిబంధనల ప్రకారం ప్రొఫెసర్‌గా 10 ఏళ్ళ అనుభవం. పేరున్న పరిశోధన సంస్థల నుంచి వచ్చే దారి కూడా ఉంది గానీ, ఈ దారినే చూద్దాం.

[స్క్రీన్ మీద: 4 + 5 + 3 + 3 = 15, ఆపైన 10]

పీహెచ్‌డీ ఉండి అసిస్టెంట్ ప్రొఫెసర్‌గా చేరితే మొదటి ప్రమోషన్‌కి 4 ఏళ్ళు, రెండోదానికి 5, అసోసియేట్ కావడానికి 3, ప్రొఫెసర్ కావడానికి ఇంకో 3. మొత్తం 15. ఆ తర్వాత పదేళ్ళు. 30 ఏళ్ళకి ఉద్యోగం వచ్చి, ఎక్కడా ఒక్క రోజు ఆగకుండా వెళ్తే 55కి లైసెన్స్ చేతికొస్తుంది.

ఆగకుండా వెళ్ళేదెవరు? మొదటి ప్రమోషన్‌కే 21 రోజుల ఓరియంటేషన్ కోర్సు ఉంది. ఊరు కాని ఊళ్ళో, హాస్టల్ గదిలో ఉండి చేయాలి. ఇంట్లో ఏడాదిన్నర పిల్లాడు, అత్తగారికి మోకాళ్ళ నొప్పులు. "వచ్చే ఏడు వెళ్దువులే" అంటారు. వచ్చే ఏడు ఇంకో బాబో పాపో. ఇప్పుడు ఆన్‌లైన్ కోర్సులొచ్చాయి, మంచిదే. కానీ ఇవాళ వీసీ వయసులో ఉన్నావిడ పిల్లల్ని పెంచిన రోజుల్లో అవెక్కడివి? ఒక మెట్టు దగ్గర రెండేళ్ళు ఆగితే పై మెట్లన్నీ రెండేళ్ళు వెనక్కి జరుగుతాయి. అలా జరిగీ జరిగీ ఆవిడ 52కి ప్రొఫెసరైతే, పదేళ్ళు నిండేసరికి 62. ఇక కాంట్రాక్టు మీద చేసేవాళ్ళకి ఈ ప్రమోషన్ల లెక్కే మొదలవదు. ఆ సంగతి కదిపితే ఇంకో వీడియో అవుతుంది.

"మహిళా యూనివర్సిటీలున్నాయిగా" అంటారు. ఉన్నాయి. తిరుపతిలో 1983లో వచ్చిన పద్మావతి ఉంది, ఇప్పుడు హైదరాబాద్ కోఠి మహిళా కాలేజీ కూడా యూనివర్సిటీ అయింది. అవి ఉండాల్సిందే. కానీ లేడీస్ స్పెషల్‌కి లేడీ డ్రైవర్‌ని పెట్టి, డిపోలో మిగతా బస్సులన్నీ అలాగే వదిలేస్తే ఎలా?

పోనీ, ఆడవాళ్ళు నడపగలరా అని ఇంకా డౌటా? అబ్బాయిలూ అమ్మాయిలూ కలిసి చదివే బరోడా యూనివర్సిటీకి హంసా మెహతా 1949లోనే వీసీ. నాకు అన్నిటికంటే విడ్డూరంగా అనిపించేది అలీగఢ్. 1920లో యూనివర్సిటీ అయినప్పుడు దాని మొట్టమొదటి ఛాన్సలర్ ఒక మహిళ, భోపాల్ బేగం సుల్తాన్ జహాన్. మరి మొదటి మహిళా వీసీ? నయీమా ఖాతూన్, 2024లో. 104 ఏళ్ళు! ఛాన్సలర్‌ది గౌరవ కుర్చీ, రోజూ ఫైళ్ళు కదిలేది వీసీ బల్ల మీద. గౌరవం ఇవ్వడానికి మనమెప్పుడూ వెనకాడం. అంతెందుకు, ఢిల్లీలో జేఎన్‌యూ యూనివర్సిటీ పెట్టింది 1969లో, మొదటి మహిళా వీసీ శాంతిశ్రీ ధూళిపూడి పండిట్ వచ్చింది 2022లో.

అయ్యో, టైమ్ అయిపోతోంది. గబగబా రెండు ముక్కలు.

ఒకటి, కమిటీలు. వీసీ పదవికి తగినవాళ్ళని వెతికే సెర్చ్ కమిటీ మూడు నుంచి ఐదు పేర్లు పంపాలి. రిజిస్ట్రార్‌గానో, పరీక్షల విభాగంలోనో చేసినవాళ్ళ పేర్లు అందరి నోళ్ళలో నానుతుంటాయి. మేడమ్ గారికి ఏమిస్తారు? హాస్టల్ వార్డెన్, కల్చరల్స్, మార్చి 8 ఫంక్షన్. లైంగిక వేధింపుల ఫిర్యాదుల కమిటీకి సీనియర్ మహిళే అధ్యక్షత వహించాలని 2013 చట్టం చెబుతోంది, అది సరైన పనే. కష్టమైన పని కూడా. కానీ బడ్జెట్ మీటింగ్‌కి ఆ మేడమ్‌నే ఎందుకు పిలవరు?

రెండోది పీహెచ్‌డీ చేస్తున్న అమ్మాయిలకి. యూజీసీ 2022 నిబంధనల్లో మీకు రెండేళ్ళు అదనపు గడువు, కోర్సు మొత్తంలో 240 రోజుల దాకా ప్రసూతి, పిల్లల సంరక్షణ సెలవు ఉన్నాయి. "అలాంటిదేం లేదమ్మా" అని ఆఫీసులో అంటే వాదించకండి. ఆ పేజీ ప్రింట్ తీసి అప్లికేషన్‌కి జత చేయండి, అది ఆఫీసుకి అందినట్టు ఇన్వర్డ్ నంబర్ వేయించుకుని మరీ రండి.