చెరువు గట్టు మీద కనిపించేది చిరుత పిల్ల కాదు

అందరికీ నమస్కారం. గోదావరి డెల్టాలో రాత్రిపూట ఏ చెరువు గట్టు మీదో మచ్చల జంతువు కనిపిస్తే చాలు, చిరుత పిల్ల వచ్చిందని ఫోన్లలో వీడియోలు తిరుగుతాయి, ఊరంతా టెన్షన్ పడుతుంది, నలుగురు కర్రలు పట్టుకుని బయల్దేరతారు. అది నీటిపిల్లి, అంటే చేపలు పట్టి తినే ఒక రకం అడవి జాతి పిల్లి (ఇంగ్లీషులో ఫిషింగ్ క్యాట్) కావచ్చని ఒక్క క్షణం ఆగి చూసేవాళ్లు తక్కువ. నా బాధ అదే.

ముందు తోక చూడండి. చిరుతకు తోక చాలా పొడవు, నీటిపిల్లికి మాత్రం పొట్టిగా, లావుగా, ఒంట్లో సగం కూడా ఉండదు. చిరుత మచ్చలు పువ్వుల్లా మధ్యలో ఖాళీగా ఉంటాయి, దీనివి నిండు నల్లచుక్కలు, వెన్ను పొడవునా వరసలు కట్టి ఉంటాయి. ఒళ్లు బూడిదరంగు, కాస్త ఆకుపచ్చ ఛాయ, చెవుల వెనక తెల్లమచ్చ. బరువు 5 నుంచి 16 కిలోల దాకా ఉంటుంది, అంటే ఇంటి పిల్లికి రెండింతలు అనుకోవచ్చు.

ఇక వేట. పిల్లికి నీళ్లంటే గిట్టదని మనం అనుకుంటాం కదా, ఇది నీళ్ల మీదే బతుకుతుంది. ఒడ్డున కదలకుండా కూర్చుని, నీటిలో చిన్న కదలిక కోసం చూస్తూ చూస్తూ ఒక్కసారి పంజాతో చేపను బయటికి లాగేస్తుంది, లోతు ఎక్కువైతే తల ముందుకు పెట్టి దూకేస్తుంది. ఒంటి మీద బొచ్చు రెండు పొరలు, లోపలిది ఎంత దట్టమంటే నీళ్లు చర్మం దాకా పోవు. కాలివేళ్ల మధ్య కొంతమేర చర్మం ఉంటుంది. గోళ్లు పూర్తిగా లోపలికి ముడుచుకోవు, కొసలు బయటికే కనిపిస్తాయి. చేపలే ముఖ్యం గానీ పీతలు, కప్పలు, పాములు, ఎలుకలు, పక్షులు, ఏది దొరికినా తింటుంది. ఎలుకల్ని తింటుందన్న సంగతి రైతులకు గట్టిగా చెప్పాలని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది.

కాకినాడ దగ్గర కోరింగ మడ అడవి దీనికి మంచి ఇల్లు, 1978లో అభయారణ్యం అయింది. పాటు సమయంలో నీళ్లు వెనక్కి పోయాక బురద మీద చూస్తే పంజా గుర్తులు కనిపిస్తాయి. కృష్ణా నది సముద్రంలో కలిసే చోట కూడా ఉన్నాయి. ఒడిశాలో చిలికా సరస్సు దగ్గర 2022లో కెమెరాలు పెట్టి లెక్కిస్తే 176 తేలాయి.

కష్టమల్లా చోటు తగ్గిపోవడమే. మడ కొట్టేసి రొయ్యల చెరువులు తవ్వాం, ఇప్పుడు అవే చెరువుల దగ్గరికి పిల్లి వస్తే దొంగ అంటున్నాం! వన్యప్రాణి చట్టంలో ఇది షెడ్యూల్ 1 జంతువు, పులికి ఉన్నంత రక్షణ దీనికీ ఉంది, చంపితే జైలే.

ఇంకొక్క మాట. తుంగ కోసేటప్పుడు నీటిపిల్లి పిల్లలు కనిపిస్తే తల్లి లేదనుకుని ఇంటికి తెచ్చేయకండి, పాలు పట్టకండి. తల్లి అక్కడే ఎక్కడో నక్కి ఉండొచ్చు. కోత ఆపి, దూరం జరిగి, అటవీశాఖ వాళ్లకు ఫోన్ చేయండి. మనుషులు కదిలిపోతే, చీకటి పడ్డాక తల్లి వచ్చి ఒక్కొక్క పిల్లనే నోట కరుచుకుని తీసుకుపోయే అవకాశం ఉంటుంది.