ఆయిల్ డబ్బా లైటు ఎర్రగా వెలిగితే...

అందరికీ నమస్కారం. మైకు పట్టుకోవడం నాకు అలవాటు లేదు, పానాలు పట్టుకున్న చేతులివి, తడబడితే సర్దుకోండి. ఇక్కడ కూర్చున్నవాళ్లలో ఎక్కువమంది తిరుమల ట్రిప్పులు కొట్టే డ్రైవర్లే కాబట్టి ఒక్క విషయమే మాట్లాడతాను. మీటర్ బోర్డులో ఆయిల్ డబ్బా బొమ్మతో ఎర్రగా వెలుగుతుందే, ఆ లైటు గురించి.

అది వెలిగితే ఏం చేస్తావు తమ్ముడూ అని అడిగితే చాలామంది చెప్పేది ఒకటే: "ఆయిల్ తగ్గి ఉంటుందిలే అన్నా, తిరుపతికి దిగినాక పోయించుకుంటా." ఇందులో రెండు తప్పులున్నాయి. ఆ లైటు చెప్పేది ఆయిల్ ఎంత ఉందని కాదు, ఎంత ఒత్తిడితో తిరుగుతోందని. ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే చాంబర్ నిండా ఉన్నా అది వెలగొచ్చు. ఇక రెండో తప్పు, "దిగినాక" అనడం.

మీకు తెలిసిన లెక్కలోనే చెబుతా. టైరులో 32 పాయింట్లు గాలి కొట్టిస్తారు కదా? ఇంజన్ వేడెక్కి రోడ్డు మీద పోతున్నప్పుడు ఆయిల్ ప్రెజర్ కూడా సుమారు అంతే ఉంటుంది, కొన్ని బండ్లలో ఇంకా ఎక్కువే. ఇంజన్‌కు బిగించి ఆయిల్ ప్రెజర్ కనిపెట్టే చిన్న స్విచ్చు ఒకటుంటుంది, చాలా బండ్లలో అది లైటు వెలిగించేది ఆ ప్రెజర్ 5, 7 పాయింట్లకు పడిపోయాకే. టైరులో 5 పాయింట్లే ఉంటే ఎవరైనా ఘాట్ ఎక్కిస్తారా? ఇంజన్లో తిరిగే ఇరుసు, అదే క్రాంకు, బేరింగుల మీద ఊరికే కూర్చోదు, పల్చటి ఆయిల్ పొర మీద తేలుతూ తిరుగుతుంది. ఆ పొర పోయిందంటే లోహంతో లోహం రాసుకుంటుంది, బేరింగులు కొట్టుకుపోవడానికి ఎంతోసేపు పట్టదు.

అందుకే లైటు వెలగ్గానే మలుపు దాటి కాస్త వెడల్పున్న చోట పక్కకు తీసి ఇంజన్ ఆపేయండి. దర్శనం టైం దాటిపోతోందని వెనక స్వాములు గోల పెడతారు, పెట్టనీయండి. దిగేటప్పుడైతే ఇంజన్ ఆపి న్యూట్రల్లో దొర్లించుకుంటూ పోదామని మాత్రం అనుకోవద్దు, బ్రేకుకు బలమిచ్చే బూస్టరు రెండు మూడు తొక్కులకే అయిపోతుంది, స్టీరింగు బండరాయిలా బిగుసుకుంటుంది.

పది నిమిషాలు ఆగి, ఆయిల్ లెవెల్ చూపించే కడ్డీ, అదే డిప్ స్టిక్కు చూడండి. వాలు మీద చూస్తే అది అబద్ధం చెబుతుంది, బండి సమంగా ఉన్న చోటే చూడాలి. మలుపు తిరిగేటప్పుడు లైటు మినుక్కుమని, దారి నేరుగా రాగానే ఆరిపోతోందంటే ఆయిల్ తక్కువ ఉందనే ముందు అనుమానించండి. ఉన్న కొంచెం ఆయిల్ ఒక పక్కకు పోతుంది, పంపు గాలి పీలుస్తుంది. ఇది చవకగా తేలిపోయే రోగం. కానీ ఆ ఆయిల్ ఎటు పోయిందో, కారిందో కాలిందో, అది చూడాలి.

అలిపిరి చెకింగ్ లైన్లో నిలబడి ఉన్నప్పుడు వెలిగి, యాక్సిలరేటర్ కాస్త తొక్కితే ఆరిపోతే కథ వేరు. వేడికి ఆయిల్ పల్చబడింది, స్లోలో, అంటే యాక్సిలరేటర్ తొక్కకుండా వదిలేస్తే, పంపు నెమ్మదిగా తిరుగుతోంది, లోపల ఎక్కడో లూజు ఉండొచ్చు.

ఇక్కడే నేను దెబ్బ తిన్నాను. చాలా ఏళ్ల కిందట ఒక డ్రైవరన్న సరిగ్గా ఇదే కంప్లైంట్‌తో వచ్చాడు. నేను తెలివిమంతుడిలా స్విచ్చు పోయిందని చెప్పి కొత్తది బిగించా. స్టార్ట్ చేస్తే లైటు లేదు. ఇద్దరం టీ తాగాం, ఆయన బెంగళూరు బయలుదేరాడు. పలమనేరు దాటకముందే ఫోన్: "టకటకమని సౌండొచ్చి బండి ఆగిపోయింది మేస్త్రీ." తాడు కట్టి లాక్కొచ్చాం. విప్పి చూస్తే బేరింగులు గీకేసి రాగి రంగు తేలి ఉన్నాయి. నేను టెస్ట్ చేసింది చల్లటి ఇంజన్ మీద. చల్లగా ఉంటే ఆయిల్ చిక్కగా ఉంటుంది, లైటు ఎలాగూ ఆరుతుంది! తప్పు పూర్తిగా నాదే, ఆ ఇంజన్ పనికి కూలి తీసుకోలేదు.

ఆ రోజు నుంచి గేజు పెట్టకుండా నేను స్విచ్చు మార్చలేదు. స్విచ్చు విప్పి, ఆ కన్నంలో సరిపోయే మర ఉన్న అడాప్టరుతో ప్రెజర్ గేజు బిగించాలి. రేడియేటర్ ఫ్యాను ఒకసారి తిరిగి ఆగేదాకా ఇంజన్ నడపాలి. అప్పుడు స్లోలో ఎంత, 2000 ఆర్‌పీఎం దగ్గర ఎంత అని రాసుకోవాలి. కంపెనీ మాన్యువల్లో ఉన్న అంకెదే చివరి మాట; చేతిలో మాన్యువల్ లేకపోతే వెయ్యి ఆర్‌పీఎంకు 10 పాయింట్లు అనే పాత లెక్క ఒకటుంది. గేజు మంచి అంకె చూపిస్తే అప్పుడు స్విచ్చునో వైరునో తప్పుపట్టండి.

గేజు కూడా తక్కువే చూపిస్తే ముందు ఆయిల్, ఫిల్టర్ చూడండి. డిప్ స్టిక్కు వాసన చూస్తే పెట్రోలు, డీజిల్ కలిసిందేమో తెలిసిపోతుంది. అలా కలిసినప్పుడు లెవెల్ తగ్గదు, పెరుగుతుంది, అదీ మంచిది కాదు. తర్వాత చాంబర్ విప్పి, పంపు ఆయిల్ పీల్చే మూతికుండే జాలీ చూడాలి. బావి మోటారు ఫుట్ వాల్వుకు నాచు పడితే నీళ్లెలా రావో, జాలీకి తారులాంటి మడ్డి పడితే ఆయిల్ అలాగే రాదు. చాంబర్‌కు రాయి తగిలి సొట్ట పడినా అంతే, ఒక్క చుక్క కారదు కాబట్టి "ఏం కాలేదన్నా" అంటారు, లోపల ఆ సొట్ట జాలీ మూతికి ఆనుకుని ఉంటుంది. ఆ తర్వాతే ఎక్కువైన ప్రెజర్‌ను వదిలేసే రిలీఫ్ వాల్వు, పంపు. బేరింగులు ఆఖరున.

కొందరు చిక్కటి ఆయిల్ పోసి లైటు ఆర్పేస్తారు. పాత బండ్లు అమ్మేవాళ్లకు బాగా తెలిసిన విద్య ఇది. పల్చటి 5డబ్ల్యూ-30 పోయాల్సిన ఇంజన్లో చిక్కటి 20డబ్ల్యూ-50 పోస్తే లైటైతే ఆరుతుంది, బేరింగు అరుగుదల మాత్రం అలాగే ఉంటుంది. బండి కొనేటప్పుడు అరగంట తిప్పి, వేడి మీద స్లోలో వదిలి, ఆ లైటునే చూస్తూ కూర్చోండి.

సరే, మాటలు చాలు. బయట తెల్ల బండి ఇందాకటి నుంచి ఆన్‌లోనే ఉంది, ఫ్యాను రెండోసారి కూడా తిరిగినట్టుంది. ఇంజన్ ఆపి గేజు బిగిద్దాం రండి. స్విచ్చు విప్పేటప్పుడు వేడి ఆయిల్ చేతి మీద పడుతుంది, ఎవరైనా ఒక గుడ్డ తీసుకురండి.