కర్ర నీడలో మక్కా దూరం

వ్యాఖ్యాత: నమస్కారం. హైదరాబాద్ పాతబస్తీలోని ఒక ఇస్లామిక్ పాఠశాలలో భౌతికశాస్త్రం బోధించే ఉపాధ్యాయురాలు ఈరోజు మనతో ఉన్నారు. మేడమ్, సైన్సు బోధనలోకి ఇస్లాంను తీసుకురావడమంటే పాఠానికి ముందు ఒక ఆయత్ (ఖురాన్ వాక్యం) చదివించడమేనని చాలామంది అనుకుంటారు కదా?

అతిథి: అస్సలాము అలైకుమ్. మొదట్లో నేనూ అలాగే చేశానండి. ఆకాశాలూ భూమీ ఒకప్పుడు కలిసి ఉండేవని చెప్పే అంబియా అనే సూరా (అధ్యాయం)లోని 30వ ఆయత్ చదివి, బిగ్ బ్యాంగ్ ఖురాన్‌లోనే ఉందని చెప్పేదాన్ని. ఒకరోజు తొమ్మిదో తరగతి అమ్మాయి లేచి, "రేపు శాస్త్రవేత్తలు ఈ సిద్ధాంతాన్ని మార్చుకుంటే ఆయత్ తప్పవుతుందా టీచర్?" అని అడిగింది. నాకు నోట మాట రాలేదు. కొత్త కొలతలు వచ్చినప్పుడల్లా తనను తాను సరిదిద్దుకునే శాస్త్రానికి విశ్వాసాన్ని ముడివేయడం రెంటికీ అన్యాయమేనని ఆ రోజు అర్థమైంది.

వ్యాఖ్యాత: మరి ఇప్పుడు ఎలా బోధిస్తున్నారు?

అతిథి: ఆరాధనలోనే ఉన్న ప్రశ్నలతో మొదలుపెడుతున్నాను. మక్కా 21.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద, అంటే కర్కటరేఖకు దక్షిణాన ఉంది కనుక, మే 27, 28 తేదీల్లోనూ జూలై 15, 16 తేదీల్లోనూ అక్కడి మధ్యాహ్నం సూర్యుడు కాబాకు దాదాపు నడినెత్తికి వస్తాడు. మన గడియారంలో అది మేలో 2:48, జూలైలో 2:57. ఆ క్షణంలో మనకు సూర్యుడు కనిపించే వైపే ఖిబ్లా, అంటే నమాజులో ముఖం తిప్పాల్సిన కాబా దిక్కు. మేలో బడికి సెలవులు, జూలైలో ముసురు. వరుసగా రెండేళ్లు మబ్బులే అడ్డుపడ్డాయి.

మూడో ఏడు ఎండ కాసింది. పిల్లలు డాబా మీద మీటరు కర్ర నిలబెట్టి, దారానికి రాయి కట్టి అది నిటారుగా ఉందో లేదో చూసుకుని, సరిగ్గా 2:57కి సుద్దతో నీడ గీశారు. నీడ 74 సెంటీమీటర్లు వచ్చింది. త్రికోణమితి పట్టిక ప్రకారం అది సుమారు 36.5 డిగ్రీల కోణం. అప్పుడు మక్కాలో సూర్యుడు నడినెత్తిన ఉన్నాడు కాబట్టి, ఇక్కడ నడినెత్తి నుంచి సూర్యుడు ఎంత వాలితే గుండ్రటి భూమి మీద మక్కా మనకు అన్ని డిగ్రీల దూరం. భూమి మీద ఒక్కో డిగ్రీకి 111 కిలోమీటర్ల చొప్పున లెక్కిస్తే, మక్కా ఇక్కడికి దాదాపు 4,050 కిలోమీటర్లు! ఒక కర్ర, ఒక దారం, అంతే.

వ్యాఖ్యాత: దిక్కు కూడా సరిపోయిందా?

అతిథి: అసలు పాఠం అక్కడే మొదలైంది. గోడ మీది పటంలో స్కేలు పెట్టి చూస్తే మక్కా పడమరకు ఆరు డిగ్రీలే ఉత్తరంగా ఉంది; నీడ మాత్రం పదమూడు చూపింది. గ్లోబు తెచ్చి, రెండు ఊళ్ల మధ్య దారం బిగించి లాగాకగానీ, గుండ్రటి భూమి మీది దగ్గరి దారి చదును పటంలోని తిన్నని గీత కాదన్న చిక్కు పిల్లలకు వీడలేదు. గజనీ (నేటి అఫ్గానిస్తాన్‌లోని ఊరు) నుంచి ఖిబ్లాను గోళ త్రికోణమితితో, అంటే గోళం మీది త్రిభుజాల లెక్కతో, కట్టిన మధ్యయుగ శాస్త్రవేత్త అల్ బిరూనీ పేరు అప్పుడు చెప్పాను. పేరు ముందే చెప్పి ఉంటే పరీక్షకు బట్టీ పట్టేవారు.

వ్యాఖ్యాత: దీనియాత్ ఉస్తాద్, అంటే మత బోధన చేసే ఉపాధ్యాయుడు, ఏమన్నారు?

అతిథి: ఆయనా డాబా మీదికి వచ్చారు. మన మసీదు సఫ్‌లు (నమాజు వరుసలు) ఖిబ్లాకు కొద్దిగా పక్కకు ఉంటే నమాజు చెల్లదా అని ఒక అబ్బాయి కంగారుపడ్డాడు. దూరాన ఉన్నవారు ఆ వైపు తిరిగితే చాలని హనఫీ ఫిఖ్‌హ్ (ఇస్లామిక్ ధర్మశాస్త్రంలో ఒక సంప్రదాయం) చెబుతుందని ఆయన నెమ్మదిగా వివరించారు. కొలవడం నా పని, ఆ కొలతతో ఏం చేయాలో చెప్పడం ఆయన పని. ఇప్పుడు అసర్ (సాయంత్రపు నమాజు) వేళ నీడలు నెలనెలా గీస్తున్నాం. వాన చెరిపేసిన గీతల్ని పిల్లలు నోటుబుక్కు చూసి మళ్లీ గీస్తున్నారు.